తొమ్మిది కిలోమీటర్ల లెక్క

పాఠ్యపుస్తకంలో లెక్కలంటే నాకు ఒళ్లుమంట. గూడెం కొత్తవీధి కొండల మీది పిల్లలకు మెట్రో రైళ్లు, ఈత కొలనుల లెక్కలెందుకు? అందుకే ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లకు అసమీకరణాలు చెప్పడం అయ్యాక, "మీ ఊళ్లో జరిగిన సంగతే ఒకటి తీసుకుని లెక్క రాయండి. ఏదో ఒకటి ఇంతకు మించకూడదు అని అందులో ఉండాలి" అన్నాను. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను.

జీపులో ఎన్ని కాఫీ బస్తాలు పడతాయి, ఆటోలో ఎంతమంది ఎక్కొచ్చు, చాలామంది ఇలాంటివే రాశారు. గంగ నోట్సు దగ్గర ఆగిపోయాను.

"ఒకామెకు కాఫీ తోటలో పాము కరిచింది. కరిచాక నాలుగు గంటలు మించకుండా ఆసుపత్రికి తెచ్చుంటే బతికేదని నర్సు చెప్పింది. రోడ్డు దాకా తొమ్మిది కిలోమీటర్లు డోలీ మోయాలి, గంటకు మూడు చొప్పున. అక్కణ్నుంచి అంబులెన్సులో అరగంట. బయల్దేరడంలో ఆలస్యం x గంటలైతే, x ఎంతవరకు ఉండొచ్చు?"

కింద సాధన. x + 3 + ½ ≤ 4. కనుక x ≤ ½. దాని కింద ఇంకో వరుస రాసింది. "నేను x = 1 చేశాను. అసమీకరణాన్ని తృప్తిపరచదు."

గంగ తల్లి పోయిన శ్రావణంలో పాము కరిచి చనిపోయింది. పిల్లను స్టాఫ్ రూముకు పిలిచాను.

"గంట ఎందుకు పట్టిందమ్మా?"

"అంబులెన్సుకి ఫోన్ సెయ్యడానికి గుట్టెక్కినాను సార్. సిగ్నల్ అక్కడే వస్తాది. బండి వస్తాదని తెలిస్తేగాని డోలీ ఎత్తరు. ఫోన్ సేసినాక నా మెసేజ్‌లన్నీ ఒక్కసారే వచ్చినాయి. సూస్తా కూకున్నాను. నేను గుట్టెక్కే ముందు నొప్పి లేదంది అమ్మ. బాగానే మాటాడింది."

ఇరవై ఏళ్లుగా పిల్లల లెక్కల్లో తప్పులు పట్టి తిట్టేవాణ్ని. ఆ రోజు ఒక్క తప్పు దొరికితే చాలు దేవుడా అనుకున్నాను.

"మనిషిని మోస్తూ ఆ దారిలో గంటకు మూడు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? గంటకు రెండే వేసి చూడు. డోలీకే నాలుగున్నర గంటలు పోతాయి. నువ్వు వెంటనే దిగొచ్చినా అందేది కాదు."

"మూడే సార్. పక్కనే ఉన్నాను. మావయ్యలు పరిగెట్టినారు."

"అయితే ఆ తొమ్మిది కిలోమీటర్లను x అనుకో! రోడ్డు వెయ్యనివాళ్లది కదా తప్పు!" గట్టిగా అరిచేశాను.

"రోడ్డు నా సేతిలో లేదు కద సార్. బేగి దిగడం నా సేతిలోదే."

గంగ ఏడవలేదు. నాకే కన్నీళ్లు ఆగలేదు. తను నోట్సు నా ముందుకు జరిపింది.

"లెక్క రైటేనా సార్?"

ఎర్ర పెన్ను తీశాను.

"తప్పు" అన్నాను.

గంగ చటుక్కున తలెత్తింది. తల్లి పోయాక ఆ మొహంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు.

"ఎక్కడ సార్?" అంది దగ్గరకు వంగి.

మొదటి వరుస నుంచి మళ్లీ చదివాను. ఎక్కడా లేదు.