పన్నెండడుగుల దారి

ఒక ఆదివారం బండ్లు ఆపేసి, వీధి వీధంతా బయట కూర్చుందామన్న ఆలోచన నాదే. మాది ఇరవై రెండు ఇళ్ల వీధి. నేను దర్జీని. అందరి నడుం కొలతలూ నాకు తెలుసు, వాళ్లకి మాత్రం పక్కింటి మనిషి మొహం కూడా తెలియదు. ఇదేం బతుకని ఒళ్లు మండి నగరపాలక కార్యాలయానికి వెళ్లాను.

అక్కడ అనుమతులు చూసే అమ్మాయి మంచిది. బండ్లు రాకుండా పెట్టే అడ్డుకంచెలు ఇస్తానంది, తనూ వస్తానంది.

"కానీ అక్కా, ప్రతి ఇంటి సంతకం కావాలి. పన్నెండడుగుల దారి రోజంతా ఖాళీగా ఉండాలి. అంబులెన్సు వస్తే ఎక్కడా ఆగకూడదు" అంది.

ఇరవై ఒక్క సంతకాలు రెండు రోజుల్లో అయిపోయాయి. మిగిలింది బ్రేకుల బాబాయి. ముప్పై ఏళ్లు బస్సు నడిపి, ఇప్పుడు ఎవరేం చెప్పినా ముందు బ్రేకు వేస్తాడని ఆ పేరు. ఈసారి మాత్రం నాకు కోపం రాలేదు. పిన్నికి ఊపిరితిత్తులు బాగాలేవు. ఏడాదిలో రెండుసార్లు అంబులెన్సులో తీసుకెళ్లారు.

"బండి రాకపోతే నువ్వొచ్చి మోసుకెళ్తావా?" అన్నాడు.

"మీ గుమ్మం దాకా ఆగకుండా వస్తుంది బాబాయ్. పూచీ నాది."

నా మొహంలోకి చూస్తూనే సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే నా టేపుతో కొలిచి, ఆఫీసు అమ్మాయీ నేనూ వీధి పొడవునా చాక్‌పీసుతో గీత గీశాం. బాబాయి ఇంటి వైపు దారి, ఎదుటి వైపు కుర్చీలు, బల్లలు, మైకు. ఎదుటి వైపే నీడ కూడా ఉంది. దారిలో సైకిలు పెట్టిన పెద్దమనిషిని చెడామడా తిట్టాను. జనం నవ్వుతున్నారు, ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. నేనైతే నేలమీద నడవడం లేదు.

మధ్యాహ్నం వీధి చివర పిల్లల పరుగు పందెం నడిపించడంలో మునిగిపోయాను. పొద్దు తిరుగుతుందన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు. నీడ రోడ్డు దాటి బాబాయి ఇంటి వైపు వచ్చింది. దాని వెంటే ఒక కుర్చీ, దాని పక్కన ఇంకో కుర్చీ. కాళ్ల కింద చాక్‌పీసు గీత చెరిగిపోయింది. ఎండలో బల్లలూ మైకూ మాత్రం కదల్లేదు. మూడయ్యేసరికి వీధిలో చీమ దూరే సందు లేదు.

అప్పుడు సైరన్ మోగింది.

బాబాయి గుమ్మంలోకి వచ్చి అరిచాడు. "అమ్మాయ్! నీ దారేదీ?"

ఆఫీసు అమ్మాయి అడ్డుకంచె లాగేసి బండి ముందు పరిగెత్తింది. "లేవండి! లేవండి!" అని గొంతు చించుకున్నాను. లేచినవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. కుర్చీ కాలు కుర్చీ కాలిలో ఇరుక్కుంది. బాబాయి గుమ్మానికి యాభై అడుగుల దూరంలో బండి ఆగిపోయింది. ఇంట్లో పిన్ని ఎగశ్వాస కిటికీలోంచి వినబడుతోంది. మనుషులు కుర్చీల్ని ప్రహరీల మీంచి విసిరేశారు. నేనూ విసిరాను, చేతులు కోసుకుపోయాయి.

నాలుగు నిమిషాలు పట్టింది. పిన్నిని ఎక్కించేటప్పుడు బాబాయి నావైపు చూడలేదు.

అయిదో రోజు పిన్ని ఇంటికొచ్చింది. అదే రోజు ఆఫీసు అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. 'దారి రోజంతా ఖాళీగా ఉన్నదా?' అని అందులో ప్రశ్న.

"లేదని రాస్తే మళ్లీ అనుమతి కష్టం అక్కా. మీ ఇష్టం" అంది.

ఇష్టమేముంది! 'లేదు, అంబులెన్సు నాలుగు నిమిషాలు ఆగింది' అని రాశాను. అంబులెన్సు వచ్చిన ఇంటి సంతకమూ కావాలి కాబట్టి, సిగ్గు చంపుకుని బాబాయి ఇంటికి వెళ్లాను.

ఆయన కాగితం చదివాడు. "మొదటి కుర్చీ ఎవడు వేశాడో చెప్పు. వాడి సంగతి చూస్తా."

"తప్పు నాదే బాబాయ్. పూచీ పడింది నేను."

"ఎవరినో ఎందుకంటారు?" మంచం మీంచి పిన్ని అంది. "నేనే పిలిచాను."

ఇద్దరం అటు తిరిగాం.

"నా కిటికీ కింద నీడుంది, ఇటు రండర్రా అన్నాను. అది దారని నాకు తెలుసు." ఆయాసంతో ఆగి, మళ్లీ అందుకుంది. "ఏడాదిగా ఆ కిటికీ ముందుకి అంబులెన్సు తప్ప ఏం వచ్చిందండీ నాకోసం? ఆరోజు ఇంతమంది కూర్చుని నాతో కబుర్లు చెప్పారు."

బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నా రాత కింద సంతకం పెట్టాడు. తర్వాత నా మెడలో ఉన్న టేపు వైపు చెయ్యి చాపాడు.

"ఇలా తే. ఈసారి దారి అటుపక్క. కుర్చీలు ఈ కిటికీ కిందే."

"పొద్దున ఇటు ఎండ కదా బాబాయ్?"

"దర్జీవి కదూ, పందిరి గుడ్డ కుట్టు."

అనుమతి వస్తుందో రాదో తెలియదు. ఆయన అప్పటికే వీధిలోకి దిగి, టేపు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని అవతలికి నడుస్తున్నాడు.