రెండు చెంచాల పంచదార

క్రీస్తురాజు కుర్చీలో తువ్వాలు మడతపెట్టి వేసుకుని, కీబోర్డు మీది దుమ్ము ఊది, నెలవారీ జాబితా తెరిచాడు. నర్సీపట్నంలో మందుల వ్యాను నడిపే చిన్న ట్రస్టులో పదకొండేళ్లుగా ఆయన పని ఇదే. కంప్యూటరులో పేర్లు వడకట్టి కాగితం మీదికి తీస్తాడు. కాగితంలో పేరుంటే మందుల పొట్లం ఇంటికి వెళ్తుంది, లేకపోతే లేదు.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. నున్నగా దువ్విన జుట్టు, జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకాలు పంచి, ఒక్కటీ తగ్గకుండా మళ్లీ బీరువాలో సర్దుతాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. ఆయనకి గర్వకారణం లోకంలో ఒక్కటే, ఆ వడకట్టే ఫార్ములా. జబ్బు గడిలో 'బీపీ' అని గానీ 'షుగరు' అని గానీ ఉన్నవాళ్లను ఏరి ఇమ్మని నాలుగేళ్ల కిందట తనే రాశాడు. ఇంకెవర్నీ దాన్ని ముట్టుకోనివ్వడు. అది తప్పు చెప్పదని, కొడుకు మార్కుల గురించి చెప్పుకునే తండ్రిలా మురిసిపోతాడు.

పదిన్నరకి సింహాద్రమ్మ టీ తెచ్చింది. ఆఫీసు ఊడ్చి, గ్లాసులు కడిగే మనిషి. ఈమధ్య ఆమె కాళ్లు బాగా వాచాయి, చెప్పుల పట్టీ చర్మంలోకి దిగబడిపోతోంది. మూడు నెలల కిందట ఆమె పేరు జాబితాలోంచి పోయింది. భయపడుతూ అడిగితే, జబ్బు తగ్గినవాళ్ల పేర్లే పోతాయని క్రీస్తురాజు ధైర్యం చెప్పాడు. పాపం, నమ్మిందే చెప్పాడు. జాబితా చిన్నదైందంటే మందులు పనిచేస్తున్నట్టేనని ట్రస్టు పెద్దలు కూడా ఆయన్ని మెచ్చుకున్నారు. సింహాద్రమ్మ ఆ శుభవార్తని గొలుగొండలో ఉన్న చెల్లెలిదాకా చేరవేసింది.

"ఈ నెల కూడా నా పేరు రానేదేటి బాబూ?"

"రాలేదు."

"మంచిదే. నానూ పంచదారేసుకుని తాగుతన్నాను. ఏడేళ్లయింది తీపి ముట్టి."

తన గ్లాసులో రెండు చెంచాలు వేసుకుంది. సగం తాగేసరికి ఆయాసం వచ్చింది. గ్లాసు బల్ల అంచున పెట్టి, మళ్లీ వచ్చి తాగుతానని చెప్పి, గాలికి మెట్ల మీద కూర్చోడానికి వెళ్లింది. క్రీస్తురాజు తల కూడా ఎత్తలేదు.

పన్నెండుకి ట్రస్టు డాక్టరు ఫోను చేసి, రెండు జబ్బులూ ఉన్నవాళ్లు ఎంతమందో చెప్పమన్నారు. చిటికెలో పని అనుకున్నాడు. గడులు కిందికి జరుపుతూంటే ఒకచోట వేలు ఆగిపోయింది. 'బీపీ, షుగరు' అని ఒకే గడిలో ఉంది. ఇదివరకు సర్వే చేసే బేబి రెండు జబ్బులున్న మనిషిని రెండు వరుసల్లో రాసేది. కొత్త ఫారంలో మనిషికి ఒకే వరుస ఇచ్చారని మూడు నెలలుగా రెండూ కలిపి రాస్తోంది. ఫార్ములా గడి మొత్తాన్ని చూస్తుంది. అది 'బీపీ' కాదు, 'షుగరూ' కాదు. ఒక్క జబ్బు ఉన్నవాళ్లు నిలిచారు, రెండూ ఉన్నవాళ్లు జారిపోయారు.

ఫార్ములాలో 'బీపీ, షుగరు' అని మూడోది చేర్చాడు. మూడువందల యాభై కాస్తా మూడువందల తొంభై ఒకటయింది. కొత్తగా వచ్చిన నలభై ఒక్కరిలో మొదటి పేరు సింహాద్రమ్మది.

కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, మెట్ల దగ్గరికి పరుగెత్తాడు.

"సింహాద్రమ్మా, లే, బేగి ఆసుపత్రికి పోదాం. తప్పు నాదే. నీకు తగ్గలేదు."

ఆమె గోడకి తల ఆనించి కూర్చునుంది. ఒక చెప్పు కింది మెట్టు మీదికి జారిపోయింది. భుజం తడితే ఆమె చెయ్యి ఒళ్లోంచి వాలిపోయింది. లోపలి గదిలోంచి బేబి పరుగెత్తుకొచ్చి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో నాడి చూసి, గంట కిందటే పోయిందన్నారు. నిన్న కూడా తనకి నయమైందనే చెప్పిందని బేబి ఏడుస్తూంటే, ఆ మాట చెప్పింది తనేనని క్రీస్తురాజు అందరి ముందూ అన్నాడు. మొదటిసారి ఎవరికీ వినపడలేదు, రెండోసారి అనాల్సి వచ్చింది.

చెల్లెలు వచ్చేదాకా ఉండమని బేబికి చెప్పి, మూడింటికి ఆఫీసుకి తిరిగొచ్చాడు. ఇంకా నలభైమంది ఉన్నారు. ఒక్కొక్కరికే ఫోను చేస్తూ, పొట్లం ఈరోజే వస్తుందని చెబుతూ, పేరు పక్కన టిక్కు పెట్టాడు. మొదటి పేరు పక్కన ఏమీ పెట్టలేకపోయాడు.

బల్ల అంచున ఆమె గ్లాసు అలాగే ఉంది, చల్లారిన సగం టీ, అడుగున కరగని పంచదార.