తొమ్మిదేళ్ళ ఖాళీ

సాయంత్రం ఇడ్లీ పిండి రుబ్బుతున్నప్పుడే ఫోన్ మోగింది. గ్రైండర్ రొదలో ఏమీ వినపడక, మైథిలి చేతి పిండి కొంగుకు తుడుచుకుంటూ పెరట్లోకి పరుగెత్తింది. అవతలి అమ్మాయి పేరు అలేఖ్య. కంపెనీలకు లాయర్లను వెతికిపెట్టడం ఆమె ఉద్యోగమట. "మేడమ్, ఆన్‌లైన్‌లో మీ ప్రొఫైల్ చూశాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి అగ్రిమెంట్లు రాసే లాయర్ కావాలి. మీరు సరిపోతారనిపించింది. కానీ చివరి తొమ్మిదేళ్ళు ఖాళీగా ఉంది. అది చూస్తే వాళ్ళు పక్కన పడేస్తారు. రేపు రాత్రికల్లా ఆ ఖాళీ నింపండి, నేను పంపిస్తాను" అంది.

ఖాళీ అట! లోపలికొస్తే కుక్కర్ కూతలేస్తోంది, పిండి గ్రైండర్ అంచు దాటి పొంగుతోంది, "మైథిలీ, వేణ్ణీళ్ళు!" అని అత్తగారు అమ్మాజీ గదిలోంచి కేకేస్తోంది. తొమ్మిదేళ్ళలో ఖాళీగా కూర్చున్న పూట ఒక్కటైనా ఉందా అని మైథిలి ఆలోచించింది. వేణ్ణీళ్ళు పెట్టేదాకా ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు.

కూతురి చదువుకని కొన్న కంప్యూటర్ ముందుగదిలో ఉంటుంది. అందులో మైథిలి ప్రొఫైల్ పెట్టిన రోజు నుంచీ ఇంటిల్లిపాదీ దాన్ని బాగుచేసేవాళ్ళే. నల్లకోటు ఫోటో చూసి అమ్మాజీ మొహం చిట్లించింది. "శుభమా అని ఉద్యోగం వెతుక్కుంటూ ఆ నలుపేమిటే? వరలక్ష్మీ వ్రతం ఫోటో పెట్టు, నిండుగా ఉంటుంది." సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మరిది సాయికృష్ణ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వదినా, ఇల్లూ ఆఫీసూ రెండూ నెగ్గుకొస్తానని రాయండి. ఆడవాళ్ళకి అదే ప్లస్సు." అతని ప్రొఫైల్లో ఇల్లన్న మాటే లేదు. ఇక మొగుడు వేణుమాధవ్ దగ్గర సలహా సిద్ధంగానే ఉంది. "అడ్వకేట్ అని ఎందుకు? గృహిణి, ఎల్.ఎల్.బి. అని రాయి. అబద్ధం ఉండదు."

గౌలిపుర సందులో పొద్దున్నే పాలు పోసే చంద్రమ్మ ఒక్కతే ఆమెను వకీలమ్మా అని పిలుస్తుంది. మర్నాడు గిన్నెలో పాలు పోస్తూ మైథిలి మొహంలోకి చూసింది.

"ఏంది వకీలమ్మా, గట్లున్నవ్?"

"తొమ్మిదేళ్ళు ఏం చేశానో రాయమంటున్నారు చంద్రమ్మా."

"గదానికి ఫికరెందుకు? మా మరిది బర్లకొట్టం నాదేనని లొల్లి జేస్తే నోటీసు రాసినదెవలు? మల్ల ఇటు దిక్కు రాలే వాడు. గది రాయ్!"

నవ్వొచ్చింది మైథిలికి. నవ్వుతూనే లోపలికొచ్చి కంప్యూటర్ మీది అల్లిక గుడ్డ తీసింది. గది రాయ్! రాస్తే ఎంత ఉందసలు! పాప కడుపులో పడ్డప్పుడు సిటీ సివిల్ కోర్టులో సీనియర్ దగ్గర పని మానిపించి, "పుట్టాక వెళ్దువుగానిలే" అన్నాడు వేణుమాధవ్. పుట్టాక నడిచేదాకా అన్నాడు, నడిచాక బడిలో వేసేదాకా అన్నాడు, బడిలో వేశాక వాళ్ళమ్మ మోకాళ్ళ ఆపరేషన్ వచ్చింది. కోర్టు మానింది గాని పనెక్కడ మానింది? సాయికృష్ణ ఫ్లాటు అగ్రిమెంటులో బిల్డరు డాబా హక్కు తన దగ్గరే ఉంచుకున్నాడని పట్టుకున్నది ఎవరు? కంచన్‌బాగ్ ఆఫీసులో వేణుమాధవ్‌ను కాదని జూనియర్‌కు ప్రమోషన్ ఇస్తే, రూల్సు పుస్తకం తిరగేసి అప్పీలు రాసింది ఎవరు? ప్రమోషన్ వచ్చాక విందుకొచ్చినవాళ్ళతో అతను, "మా ఆవిడ కాస్త ఇంగ్లీషు సరిచూసింది" అన్నాడు. అప్పుడు మైథిలి వాళ్ళకు గారెలు వడ్డిస్తోంది.

ఉస్మాన్‌గంజ్ దుకాణం సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మామగారు పోయాక, ఆయన దుకాణంలో అద్దెకున్నవాడు ఖాళీ చెయ్యనన్నాడు. పిటిషన్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా మైథిలే రాసింది. తీరా వకాలత్ దగ్గరకొచ్చేసరికి, నా తరపున ఫలానా లాయరు మాట్లాడతారని సంతకం పెట్టే ఆ కాగితం దగ్గరకొచ్చేసరికి, అమ్మాజీ పెన్ను పక్కన పెట్టేసింది. "కోడలి పేరుతో వేస్తే వాడు నవ్విపోతాడు. ఆనందరావుగారి పేరు రాయండి." ఆ ఆనందరావు వాయిదా ముందురోజు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, రేపు నేనేం చెప్పాలి?" అని అడిగేవాడు. ఒక చేత్తో పాపకు అన్నం పెడుతూ చెప్పేది మైథిలి. కేసు గెలిచాక ఆయనకు పట్టుపంచెలు పెట్టారు. పళ్ళెంలో సర్దిన కజ్జికాయలు చేసిందీ, ఆ పళ్ళెం అందించిందీ కూడా మైథిలే.

మైథిలి ఖాళీలో రాసింది. ‘1999 నుంచి నేటి 2008 వరకు: న్యాయవాది. అద్దె వివాదాలు, ఫ్లాటు ఒప్పందాలు, ఉద్యోగుల అప్పీళ్ళు, నోటీసులు.’ కాఫీ గ్లాసుతో వచ్చిన వేణుమాధవ్ భుజం మీదుగా చదివి పకపకా నవ్వాడు.

"ఇంట్లోవాళ్ళకి రాసిపెట్టింది కూడా ప్రాక్టీసేనా? ఎవడైనా అడిగితే రుజువేదీ? ఒక్క వకాలత్ ఉందా నీ పేరున?"

లేదు. ఆ మాట నిజమే, అందుకే అంత మంట. రాసినదంతా చెరిపేసి, ‘గృహిణి’ అని కొట్టి, గుడ్డ కప్పేసి, మైథిలి వంటింట్లోకి వెళ్ళింది. ఇడ్లీలు వేసింది, చట్నీ నూరింది, కళ్ళు తుడుచుకుంది. చట్నీలో కారం ఎక్కువైందని అందరూ అన్నారు.

సాయంత్రం వేణుమాధవ్ ఆఫీసు నుంచి పాలిపోయిన మొహంతో వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి కాగితం చాపాడు. స్టోర్సులో సరుకు చూడకుండానే సంతకం పెట్టాడని మెమో ఇచ్చారు. జవాబు బాగోలేకపోతే విచారణ తప్పదు. "నువ్వైతే బాగా రాస్తావు మైథిలీ. ముందు ఇది చూడు, ఆ ప్రొఫైల్ గొడవ తర్వాత."

మైథిలి మెమో చదివింది. ఆ సంతకం పెట్టాల్సింది ఇతను కాదని రెండో పేరాలోనే దొరికింది. అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. స్టవ్ కట్టేసి, ముందుగదిలోకి నడిచి, అల్లిక గుడ్డ తీసి మడిచి కిటికీలో పెట్టింది. ‘గృహిణి’ తీసేసి పొద్దున రాసిందంతా మళ్ళీ రాసింది. అలేఖ్యకు పంపే మీట నొక్కింది. ఆ తర్వాత బీరువా అడుగు నుంచి కోర్టు రోజుల నాటి వకాలత్ ఫారం తీసి, లాయరు పేరుండాల్సిన చోట తన పేరు రాసి, పెన్ను దాని చోట పెట్టేసి, వెనకే వచ్చిన మొగుడి ముందు ఫారం పెట్టి కూర్చుంది.

"సంతకం పెట్టండి. మెమోకి జవాబు రాస్తాను."

"మొగుడికి రాసిపెట్టడానికి సంతకాలేమిటే? లోకంలో విన్నామా!" అమ్మాజీ గదిలోంచి కర్ర ఊతంగా బయటికొచ్చింది.

"మెమోకి వకాలత్ ఎవరడుగుతారు మైథిలీ?" అన్నాడు వేణుమాధవ్, నవ్వబోయి నవ్వలేక.

"ఎవరూ అడగరండీ. నేను అడుగుతున్నాను."

అతను తల్లి వైపు చూశాడు, మెమో వైపు చూశాడు. చివరికి కుర్చీ లాక్కుని, "పెన్నేదీ?" అన్నాడు. కాపురం పెట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో పెన్నులు ఎక్కడుంటాయో అతనికి తెలియదు.

మైథిలి లేవలేదు.