అనెస్టా చేలో బదులు పని

అనెస్టా కుండ మీద మూత తీయగానే చుట్టూ మాటలు ఆగిపోయాయి.

పొద్దున్న ఆరింటి నుంచి పద్నాలుగు మంది ఆ కొండవాలు తవ్వుతున్నారు. తెల్లవారకముందు కురిసిన వానకి మట్టి జిగురుగా కాళ్లకి పట్టుకుంటోంది. బదులు పనికి కూలి ఉండదు. ఇవాళ నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను. చేను గలవాళ్లు పెట్టేది మధ్యాహ్నం ఒక్కపూట తిండి. ఆ తిండి ఆ చేలో పండిందే కావాలి. చామదుంపో, పెండలమో, పచ్చి అరటికాయో, ఏదైనా సరే. తిన్నవాళ్లు పొద్దు వాలేదాకా చేను దిగరు. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు కానీ, డొమినికా కొండల్లో ఆ మాట దాటినవాళ్లు లేరు.

కుండలో తెల్లన్నం ఉంది. పక్క గిన్నెలో కోడి వీపు ముక్కలు. రెండూ ఓడలో దిగినవే. రాజధాని రోజోలో అనెస్టా హోటలు దుప్పట్లు రెండు రోజులు ఉతికితే వచ్చిన తొంభై డాలర్లు ఆ రెండు గిన్నెల్లోకీ పోయాయి.

"ఏమే అనెస్టా," అంది ఇర్మిన్, పార మీద చెయ్యి ఆనించి. "నీ చేలో వరెప్పుడు పండిందే? మాకు చెప్పనే లేదు. కోళ్లు కూడా వీపులొక్కటే కాస్తున్నాయా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అనెస్టా గరిటె పట్టుకుని తల దించుకుంది.

"ఉన్నది అదే వదినా. తినండి."

గట్టు మీద నిలబడ్డ ఫిల్బర్ట్‌కి ఆ నవ్వు తన మొహానే తగిలింది. అతను వ్యవసాయ శాఖ అధికారి. ఆరేళ్ల కిందట ఇదే గట్టు మీద నిలబడి, దేశం పైకి రావాలంటే ఎగుమతి పంట వేయాలనీ, చామదుంప తింటూ కూర్చుంటే డాలర్లు రావనీ చెప్పి, ఆమె చేత దుంపలన్నీ పీకించి అరటి వేయించాడు. అరటి బాగానే కాసింది. తొక్క మీద వేలెడు గీతలున్నాయని రేవులో పెట్టెలకి పెట్టెలు వెనక్కి తిప్పేశారు. ఆ మరుసటేడు ఆకుమచ్చ తెగులొచ్చి తోట మొత్తం మాడిపోయింది. ఎక్కువమంది చేత అరటి వేయించినందుకు ఫిల్బర్ట్‌కి ప్రమోషన్ వచ్చింది. అనెస్టాకి ఆ సంగతి తెలుసు. ఒక్కనాడూ ఎత్తలేదు.

ఇవాళ కూడా అతని జేబులో ఒక కాగితం ఉంది. వాగు పక్క అరెకరంలో పాషన్ ఫ్రూట్ తీగలు వేస్తానని ఆమె సంతకం చేయాలి. సాయంత్రం అయిదింటికల్లా ఆఫీసుకి చేరాలి. వీళ్లు పొద్దుటి నుంచి తవ్వుతున్నది సరిగ్గా ఆ అరెకరమే. మళ్లీ చామ నాటడానికి.

"అక్కడే నిలబడ్డావేం నాయనా? వచ్చి కూర్చో," అన్నాడు ముసలి సిప్రియన్. తన సంచి విప్పి, ఆకులో చుట్టిన నాలుగు పెద్ద చామదుంపలు తీశాడు. ఉడికించి తెచ్చినవి. కత్తితో తరిగి కుండలో వేశాడు.

"తాతా, అవి నీవి కదా," అంది అనెస్టా.

"నావెక్కడివే పిల్లా. ఆ ఏడు నువ్వు పీకి పారేస్తుంటే రెండు పిలకలు పట్టుకెళ్లి నా ఇంటెనక గుచ్చాను. ఇయి నీ చేను దుంపలే. ఇవాళ నాటే పిలకలూ ఆటి పిల్లలే. వడ్డించు."

ఇర్మిన్ వంగి తన పళ్లెం ముందుకి చాపింది.

ఫిల్బర్ట్‌కి అందిన పళ్లెంలో అందరికన్నా పెద్ద దుంపముక్క పడింది. పొరపాటున పడిందేమోనని తలెత్తి చూశాడు. అనెస్టా అప్పటికే పక్కవాళ్లకి వడ్డిస్తోంది. మిగల్చకుండా తిన్నాడు.

చేతులు కడుక్కుని కాగితం తీశాడు.

"సంతకం పెట్టనండి," అంది అనెస్టా, అతను అడగకుండానే. గొంతు పెంచలేదు. "అరటన్నారు, వేశాను. పైపొలం చూసుకోండి, కావాలంటే తీగలక్కడ వేస్తాను. ఈ వాగు పక్కది మాత్రం నా కుండకి."

"పైపొలానికి నీళ్లందవని ఆఫీసులో ఒప్పుకోరు అనెస్టా. ఇనప తీగె, స్తంభాలు, మొక్కలు ఏవీ ఇవ్వరు మరి."

"ఇవ్వకపోతే మానెయ్యమనండి."

అతను కాగితం మడిచి, తన జీపు వైపు రెండడుగులు వేశాడు.

"అదేంటి సారూ?" ఇర్మిన్ వెనక నుంచి అడిగింది. "తిన్నారుగా."

పద్నాలుగు మందీ అతన్నే చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండునని ఫిల్బర్ట్‌కి అనిపించింది. అతను బూట్లు విప్పి, కాగితం ఒక బూటులో దోపి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వాగు పక్కకి దిగాడు. సిప్రియన్ ఒక పిలక చేతికిచ్చాడు.

ఇరవయ్యేళ్లుగా నాటడం ఎలాగో ఊరూరా చెప్పినవాడు. అతను గుచ్చిన పిలక పక్కకి ఒరిగింది. వెనకే వస్తున్న అనెస్టా వంగి, రెండు వేళ్లతో దాన్ని నిలబెట్టి, చుట్టూ మట్టి నొక్కి, ముందుకి వెళ్లిపోయింది.

జేబులో ఫోను మోగింది.

"ఎవరో పిలుస్తున్నట్టున్నారు నాయనా," అన్నాడు సిప్రియన్.

"తెలుసు తాతా. ఆఫీసు నుంచే."

మోచేతుల దాకా బురద. ఫోను ఆగి, మళ్లీ మొదలైంది. ఫిల్బర్ట్ తల ఎత్తకుండా తర్వాతి గుంట తవ్వడం మొదలుపెట్టాడు.