అన్నయ్య ఫోనుకెళ్లిన కోడ్

నాన్న ఢిల్లీరావు, అన్నయ్య కామేశ్ వేటకెళ్లిన పడవ ఆ రాత్రి తిరిగి రాలేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచినప్పుడు మా పేట పడవలన్నీ ఒడ్డు పట్టాయి. మాది ఒక్కటే రాలేదు. తెల్లవారగానే వెతకడానికి రెండు పడవలు సిద్ధమయ్యాయి గాని, ఎటు వెళ్లాలో ఎవరికీ తెలియదు.

తెలియకపోవడం మాలో వింత కాదు. సముద్రం అడుగున రాళ్లుండి చేప నిలిచే చోటును మేము జాగా అంటాము. ఎవరి జాగా వారిది. సొంత బావమరిదికి కూడా చెప్పరు. దూరాన ఇంకో పడవ కనబడితే గాలాలు పైకి లాగేసి, దారిన పోతున్నట్టు వేరే దిక్కుకు తిప్పుకుంటారు. జీపీఎస్ ఒకసారి నీళ్లలో పడిపోయాక, కొత్తదానిలోని జాగాల గుర్తులన్నీ అన్నయ్య నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఫోనులో వద్దన్నాడు నాన్న. ఫోన్లు చేతులు మారతాయని ఆయన భయం.

"గౌతమీ, నీ కంప్యూటర్ పెట్టి తెరువు. నంబర్లు సెప్పు, ఎల్తాం," అన్నాడు బాబీ బావ పడవలోంచి.

తెరిచాను. కంపెనీ బొమ్మ వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, నీలం తెర వచ్చింది, మళ్లీ మొదటికి పోయింది. ఆపి మళ్లీ వేశాను. ఛార్జర్ పీకి మళ్లీ పెట్టాను. బటన్ నొక్కి పట్టుకున్నాను. తనను తాను బాగుచేసుకుంటున్నానని రాసింది, కుదరలేదని రాసింది. పడవలు ఎంతసేపని ఆగుతాయి? ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి, ఊహ మీద వెళ్లిపోయాయి. నేను ఆటో ఎక్కి కాశీబుగ్గ బయలుదేరాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. టెక్కలిలో చదివాను, కంప్యూటర్ సబ్జెక్టే. నాకు తెలిసిందంతా ఆటోలోనే అయిపోయింది.

రిపేరు షాపు అనిల్ ల్యాప్‌టాప్ తిరగేసి మరలు చూసి నవ్వాడు.

"మీ సముద్రపోళ్ల సిస్టమ్‌లు ఇప్పితే సాలు, ఎండుసేపల బుట్ట ఇప్పినట్టుంటాది. సూడు తుప్పు. వదిలెల్లు, ఎల్లుండి రా."

"మా నాన్న, అన్నయ్య నిన్న వేటకెళ్లి రాలేదండి. వాళ్లెక్కడుంటారో ఇందులో ఉంది."

అతను చేతిలో ఉన్న ఫోను పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత ఒక్క హాస్యం ఆడలేదు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాడు. పెన్‌డ్రైవ్ పెట్టి వేరే ఓఎస్‌తో లేపి చూశాడు. చివరికి డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించాడు.

"డిస్కు బతికే ఉంది," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అతని ముఖం మాత్రం అలాగే ఉంది. "దీనికి తాళం ఉంది. నువ్వెట్టినావా?"

"లేదండి."

"దానంతటదే పడిపోతాది కొత్తవాటికి. సిస్టమ్ బాగున్నన్నాళ్లూ తాళముందనే తెలీదు. ఓఎస్ పాడైనాక అడుగుతాది. పొడుగాటి నంబరు. అది నెట్‌లో, దీన్ని మొదట తెరిసినోల అకౌంట్లో ఉంటాది. అకౌంట్ ఎవులిది?"

అన్నయ్యది. విశాఖలో సెక్యూరిటీ పని చేసేటప్పుడు ఈ ల్యాప్‌టాప్ తనే కొన్నాడు, తన పేరు మీదే తెరిచాడు. అనిల్ ఆ అకౌంట్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. తెలియదన్నాను. కోడ్ పంపమని నొక్కాడు. పంపించామని వచ్చింది.

"సివర తొంబై ఒకటి. ఎవులి నంబరు?"

"అన్నయ్యదే."

"ఫోను ఏది మరి?"

"పడవలో ఉంది."

అనిల్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఫార్మాట్ కొట్టమంటే ఇప్పుడే కొట్టీగలను. లోపలున్నది మొత్తం పోతాది. డూప్లికేట్ సిమ్ తీసుకురా. అదొక్కటే దారి."

సిమ్ షాపతను నా ఫోనులో ఉన్న అన్నయ్య ఆధార్ కాపీ చూసి, మనిషి రావాలన్నాడు.

"మనిషి కోసమే అడుగుతున్నానండి."

"నానేటి సేయగలను తల్లీ. మెషిను ఆడి వేలిముద్ర అడుగుతాది."

మధ్యాహ్నం దాటాక పేటకొచ్చాను. రెండు పడవలూ ఖాళీగా తిరిగొచ్చి ఉన్నాయి. ఒడ్డున అందరూ నా చేతిలోని ల్యాప్‌టాప్ సంచి వంక చూశారు.

"ఇది తెరుచుకోదు," అన్నాను. "మా జాగాలో ఎప్పుడైనా, ఎవరైనా గాలం వేసుంటే చెప్పండి. ఎందుకు వేశారని మేము అడగం."

చివర్న సింహాచలం మావ వల కుట్టుకుంటున్నాడు. అమ్మకు వరసకు అన్న. రెండేళ్ల కిందట, మా జాగా దోచాడని నాన్న పెద్దల ముందు పెడితే, ఆ చోటే తనకు తెలియదని గంగమ్మ గుడి దగ్గర కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు. ఆనాటి నుంచీ రెండిళ్లకూ మాటల్లేవు. అబద్ధపు ప్రమాణం చేసినవాడిని సముద్రం బతకనివ్వదని మావాళ్ల నమ్మకం.

అతను సూది వలలో గుచ్చి లేచాడు. "నానెల్తాను. నాకు తెలుసు."

భార్య దాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఏటి తెలుసు నీకు? కర్పూరం ఆర్పినోడివి, నీకేటి తెలుస్తాది?"

"ఒగ్గు," అన్నాడు మావ.

మా పడవ ఆ జాగాలోనే దొరికింది. బోర్లా పడినా లంగరు తాడు తెగలేదు. అన్నయ్య ఆ తాడుతోనే నడుం కట్టుకుని పడవ వీపు మీద ఉన్నాడు. ఒక్కడే. పొద్దు వాలేవేళకు మోసుకొచ్చి మా అరుగు మీద పడుకోబెట్టారు.

"ఎండ నెత్తి మీదకొచ్చేదాకా నాన్న మాటాడతానే ఉన్నాడు," అన్నాడు అన్నయ్య, నీళ్లు తాగాక. "పడవొత్తాదిరా, సెల్లికి తెలుసు గదా అన్నాడు. తర్వాత సూత్తే పక్కన లేడు."

ఎండ నెత్తి మీదున్నప్పుడు నేను సిమ్ షాపులో ఉన్నాను.

సింహాచలం మావ అరుగు ఎక్కలేదు. తడిబట్టలతో వాకిట్లోనే నిలబడ్డాడు. అమ్మ అతని దగ్గరికి వెళ్లింది.

"అన్నా, పొద్దున్న నువ్వు ఒడ్డునే ఉన్నావు గదా."

"ఉన్నానమ్మా."

"అప్పుడు తెల్దా నీకు?"



"గౌతమి పెట్టి తెరుసుకుంటాది గదా అనుకున్నాను సెల్లీ. తెరుసుకుంటే నాను సెప్పక్కర్నేదు గదా అనుకున్నాను."

అరుగు మీద అన్నయ్య మళ్లీ ఉప్పునీళ్లు కక్కుకుంటుంటే అమ్మ వీపు రుద్దడానికి వెళ్లింది.