చేతికి తగలని ముద్ర

కండక్టరమ్మకు తమ్ముడి మీద కోపం రావడం కొత్తేమీ కాదు. కానీ ఈసారి కోపం చల్లారే రకం కాదు. అందరూ ఓటరుగా మళ్ళీ నమోదు చేసుకోవాలని, అందుకు ఈ దేశ పౌరులమని రుజువు చూపాలని కొత్త నిబంధన వచ్చింది. దాన్ని వెనకేసుకొచ్చినవాళ్ళలో వీధి మొత్తం మీద పెద్ద నోరు తమ్ముడిదే. జిరాక్సు, లామినేషన్ దుకాణం అతనిది. గిరాకీ పెరిగేకొద్దీ నిబంధన మీద ప్రేమ కూడా పెరుగుతోందని ఆవిడ అనుమానం.

"టికెట్ లేనివాణ్ణి నువ్వు బస్సెక్కనిస్తావా అక్కా?" అన్నాడు ఒకరోజు, దుకాణంలో నలుగురూ వింటుండగా.

"ఎక్కనిస్తాను. ఎక్కాకే టికెట్ కొడతాను. అడిగేదీ నేనే, ఇచ్చేదీ నేనే. ఇంటి దగ్గర్నుంచి టికెట్ తెచ్చుకోమని మెట్టు మీంచి తోసెయ్యను."

"మరి దొంగ ఓట్లు పడితే?"

"వేసినవాణ్ణి పట్టుకోండి. ఇన్నేళ్ళుగా ఓటేస్తున్న నా మీద పడతారేం? నేను ఇక్కడే పుట్టాన్రా."

"అందరూ అదే అంటారు," అన్నాడు తమ్ముడు. నలుగురూ నవ్వారు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అయినా పట్టింపుకు పోతే ఓటు పోతుంది. బస్సు డిపో మూయించి తీరతానన్న పెద్దమనిషి మళ్ళీ పోటీలో ఉన్నాడు. అతనికి వ్యతిరేకంగా ఓటు వెయ్యకపోతే తన ఉద్యోగాన్ని తానే చేజేతులా అప్పగించినట్టు. అందుకని రోషం దిగమింగి, అమ్మ పెట్టెలో ఉన్న తన జనన ధ్రువపత్రం తెచ్చిపెట్టమని తమ్ముణ్ణే అడిగింది. అమ్మ ఉండేది అతని దగ్గర.

మర్నాడు తెచ్చి ఇచ్చాడు. కాగితం తళతళలాడుతోంది.

"మడతల దగ్గర చిరిగిపోతోందక్కా. లామినేషన్ చేశాను. ఇక నీళ్ళలో పడేసినా ఏం కాదు."

"నిన్నెవరు చెయ్యమన్నారు?" అందే కానీ, లోలోపల కాస్త కరిగింది. వీడికి నోరే చెడ్డది, మనసు కాదు అనుకుంది.

నమోదు కార్యాలయంలో గుమాస్తా ఆ కాగితంలోని అక్షరాలు చూడనే లేదు. మూల మీద బొటనవేలితో తడిమి చూశాడు. మళ్ళీ తడిమాడు.

"ముద్ర ఏదమ్మా?"

"గుండ్రంగా కనబడుతోంది కదండీ."

"కనబడితే సరిపోదు, చేతికి తగలాలి. ఇది అసలుదో కాదో మాకు తెలిసేది దాంతోనే. ఉబ్బెత్తుగా ఉండాల్సిన ముద్ర వేడి రోలర్ల మధ్య పడి చదునైపోయింది. ప్లాస్టిక్ వేసినవి మేం తీసుకోం."

"కొత్తది ఇప్పించండి."

"దరఖాస్తు పెట్టుకోండి. అది చేతికొచ్చేసరికి ఎన్నికలు అయిపోతాయి."

"నేను ఇక్కడే పుట్టానండీ," అంది ఆవిడ. గుమాస్తా అప్పటికే వెనకున్న మనిషిని పిలుస్తున్నాడు.

తిన్నగా దుకాణానికి వెళ్ళింది. ఎదురింటి దర్జీ తన కాగితం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ తన కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టింది.

"ఊడదియ్యరా దీన్ని. ముద్ర అణిగిపోయిందట, చెల్లదట."

తమ్ముడు బ్లేడుతో అంచు లేపాడు. ప్లాస్టిక్‌తో పాటు అమ్మ పేరు కూడా ఊడి వచ్చేసింది. బ్లేడు కింద పెట్టేశాడు.

"ఆ గుమాస్తాకి పని తెలీదు. పై ఆఫీసర్ని కలుద్దాం."

"ఎంతమందికి చేశావురా ఇలా?"

"గట్టిగా అనకు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడ తలెత్తి చూసింది. మిషను పైన గోడకు, వచ్చినవాళ్ళందరికీ 'మీ కాగితం ఇలా మెరుస్తుంది' అని అతను చూపించే నమూనా వేలాడుతోంది. తన సొంత జనన ధ్రువపత్రాన్నే లామినేట్ చేసి అక్కడ తగిలించుకున్నాడు.

"నీ నమోదు అయిందా?"

"గిరాకీలో తీరిక దొరకలేదు. రేపు వెళ్దామనుకున్నాను."

"ఏమైందమ్మా?" అన్నాడు దర్జీ. తమ్ముడు వద్దన్నట్టు ఆవిడకేసి చూశాడు. ఆవిడ దర్జీ చేతిలోని కాగితాన్ని తీసుకుని, మడిచి, అతని జేబులో పెట్టింది.

"ప్లాస్టిక్ వేస్తే తీసుకోరన్నా. ఇలాగే పట్టుకెళ్ళు. వీధిలో అందరికీ చెప్పు."

దర్జీ వెళ్ళిపోయాడు. తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు.

"అక్కా, నేను ఇక్కడే పుట్టానని నీకు తెలుసు కదా."

తెలుసు. ఈ దుకాణం వెనక గదిలోనే పుట్టాడు. ఆ రోజు అమ్మ అరుపులు వినలేక ఆవిడ చెవులు మూసుకుని గుమ్మం బయట కూచుంది. తర్వాత వాణ్ణి మొదట తన ఒళ్ళోనే పెట్టారు.

"అందరూ అదే అంటారు," అంది.

ఆ మాట వాడికి తిప్పికొట్టాలని ఇన్నాళ్ళూ కాచుకుని కూచుంది. తీరా అన్నాక కడుపుమంట రవ్వంత కూడా తగ్గలేదు. వాడి ముఖం చూస్తూ అక్కడ నిలబడలేక సంచీ భుజానికి తగిలించుకుని, మూసేస్తారంటున్న ఆ డిపోకే డ్యూటీకి బయల్దేరింది.