బెహ్జాద్ పాషాకి శుక్రవారం బక్లవా

మా ఆయన ఇస్కెందర్, సుల్తానుగారి కోటలో పెద్ద తోటమాలి. గులాబీలకి అంట్లు కడతాడు, హుకుం వస్తే మనుషుల తలలూ తీస్తాడు. ఇస్తాంబుల్లో ఈ రెండూ ఒకటే ఉద్యోగం.

మరణశిక్ష పడ్డ వజీరుకి ఒక్క దారి మిగులుతుంది. కోట తోటలోంచి చేపల బజారు గేటు దాకా పెద్ద తోటమాలితో పందెం పరిగెత్తాలి. ముందు చేరితే దేశం విడిచిపోవచ్చు. వెనకబడితే గేటు దగ్గరే మెడకి తాడు, ఆ తరవాత తల సుల్తానుగారికి.

నా తమ్ముడు ఎమ్రుల్లా కూడా వజీరే. యుద్ధంలో విరిగిన కాలితో, అప్పటి తోటమాలితో పరిగెత్తాడు. చెయ్యని ద్రోహం వాడి నెత్తిన రుద్దినవాడు బెహ్జాద్. ఆ బెహ్జాద్‌ని కొలువులో పెట్టించిందీ మా తమ్ముడే! తమ్ముడు కుంటుతుంటే బెహ్జాద్ మేడమీంచి నవ్వాడు. "ఒరేయ్ తాబేలూ, కాస్త కాళ్లు కదుపు!"

చచ్చినవాళ్ల పేరున హల్వా కలిపి పంచడం మా ఆచారం. నేను కలపలేదు.

బెహ్జాద్ మహామంత్రి అయ్యాడు. మా ఆయనకి ఈ పదవి దక్కిన వారమే నేను పొయ్యి ముట్టించాను. పొరపొరకీ వెన్న, మధ్యన పిస్తా, పైన పాకం. ప్రతి శుక్రవారం బెహ్జాద్ పాషాగారింటికి పళ్లెం నిండా బక్లవా. మొదటి పళ్లెం అనుమానపడి వంటవాడిచేత తినిపించాడట. వాడు చావలేదు సరికదా, ఇంకో ముక్క అడిగాడట.

"అక్కయ్యా, నీ మనసు వెన్న. నన్ను క్షమించేశావు" అన్నాడు పాషా ఓ పండగనాడు.

"తిను నాయనా, చిక్కిపోయావు" అన్నాను.

ఇంట్లో మాత్రం పప్పుచారే.

"ఏమిటే ఇది! పాషాకి బక్లవా, మొగుడికి పప్పునీళ్లా?"

"మీరు పరిగెత్తాల్సిన మనిషి" అనేదాన్ని.

కొన్నేళ్లకి పాషాని గుర్రమెక్కించడానికి ఇద్దరు కావలసి వచ్చారు. ఆ ఏడు యుద్ధం ఓడిపోయాం. సైనికులు అన్నం వండే డేగిసాలు బోర్లించారు. అంటే తిరుగుబాటన్నమాట. వాళ్లని చల్లార్చడానికి సుల్తానుగారికి ఒక తల కావాలి. మహామంత్రిది చాలా పెద్దది.

పందెం దారి మా వంటింటి కిటికీ పక్కనుంచే. మా ఆయన లేడిలా దాటిపోయాడు. చాలాసేపటికి పాషా వచ్చి గోడ పట్టుకున్నాడు.

"అక్కయ్యా... ఊపిరాడ్డం లేదు..."

నన్ను చూశాడు. తన పొట్ట చూసుకున్నాడు. మళ్లీ నన్ను చూశాడు. అప్పటికి తెలిసింది, పాపం.

"కాస్త కాళ్లు కదుపు నాయనా" అన్నాను.

సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూలబడ్డాడు. "ఇవాళైనా బక్లవా పెడతావా?"

"ఇక చెయ్యను" అని, మూకుడు దించి ఆయన ముందు పెట్టాను. "హల్వా తినండి. మా తమ్ముడిది."